షెవెల్‌కి కొత్త ఇంజిన్: మామయ్య ఉత్తరం

చిరంజీవి కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1968 షెవ్రొలే షెవెల్ మాలిబు కారు, 307 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, రెండే గేర్లున్న పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆ ఇంజిన్, గేర్‌బాక్స్ తీసేసి షెవ్రొలే సిల్వరాడో ట్రక్కు 5.3 లీటర్ల ఇంజిన్, 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేస్తానంటున్నావు. వెయ్యి, నేను వద్దనను. నీ కారు వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబరు, 136తో మొదలవుతోంది, అంటే అది మామూలు వీ8 మాలిబు. 138తో మొదలైతే 396 ఇంజిన్‌తో వచ్చిన స్పోర్ట్ మోడల్ ఎస్ఎస్396 అయ్యేది. అలాంటి కారులో అసలు ఇంజిన్ ఇంకా ఉంటే నిన్ను స్పానర్ కూడా పట్టుకోనిచ్చేవాణ్ని కాదు. అయినా 307ని తుక్కుకి వెయ్యకు. నూనె పట్టించి, మూతలు బిగించి గ్యారేజీలో ఓ మూల పెట్టు. ఫ్రేముని ఎక్కడా కొయ్యకుండా బోల్టులతోనే పని కానిస్తే, రేపు ఎవరైనా కారుని మళ్లీ పాత రూపానికి తెచ్చుకోగలరు.

307 బలం 200 హార్స్‌పవర్ అని పాత బ్రోషర్లో ఉంటుంది. ఆల్టర్నేటర్, ఫ్యాన్, పూర్తి ఎగ్జాస్ట్ లేకుండా టెస్ట్ బెంచ్ మీద కొలిచిన లెక్క అది. 1972 నుంచే కంపెనీలు అన్నీ బిగించి కొలిచిన నెట్ లెక్క చెప్పడం మొదలుపెట్టాయి. నువ్వు తెస్తున్న 5.3 ఇచ్చే 285 హార్స్‌పవర్ నెట్ లెక్క. అంటే కాగితం మీద కనబడేదానికంటే అసలు తేడా చాలా పెద్దది. నీ కారుకి మాత్రం నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. అందుకే ఇంజిన్ కొనకముందే ముందు చక్రాలకి డిస్కులు, వాటికి సరిపోయే మాస్టర్ సిలిండర్, కొత్త బ్రేకు గొట్టాలు వేయించు. పాత ఇంజిన్‌తోనే కొన్నాళ్లు తిరిగి, కారు తిన్నగా ఆగుతోందో లేదో చూసుకో. డబ్బు చాలకపోతే ఇంజిన్ కొనడం వాయిదా వెయ్యి గానీ బ్రేకుల పని వాయిదా వెయ్యకు.

ఇంజిన్ ఎంచుకునేటప్పుడు ట్రక్కు వీఐఎన్‌లో ఎనిమిదో అక్షరం చూడు. టీ ఉంటే అది ఎల్ఎం7 రకం, నీకు కావలసిన 5.3 లీటర్ల ఇంజిన్. వీ ఉంటే 4.8 లీటర్లది. బయటినుంచి రెండూ ఒకేలా ఉంటాయి, జంక్‌యార్డులో మాట మీద నమ్మి కొనకు. 1999 నుంచి 2007 వరకు వచ్చిన ట్రక్కుల్లో ఎల్ఎం7లు కోకొల్లలు. ఆ తర్వాతి తరం 5.3ల్లో చాలావాటికి, లోడు తక్కువున్నప్పుడు నాలుగు సిలిండర్లని ఆపేసే ఏర్పాటుంది. వాటిలో వాల్వులని ఎత్తే లిఫ్టర్లతో గొడవలు ఎక్కువ, మొదటిసారి చేసేవాడికి ఆ తలనొప్పి వద్దు. ఏది కొన్నా కంప్యూటర్, వైరింగ్, గేర్‌బాక్స్, థ్రాటిల్, యాక్సిలరేటర్ పెడల్, దాని మాడ్యూల్ అన్నీ ఒకే ట్రక్కువి తీసుకో. విడివిడిగా కొంటే చవకని అనిపిస్తుంది. తీరా ఒకదానితో ఒకటి పొసగక ఖర్చు తడిసి మోపెడవుతుంది. గేర్‌బాక్స్ టూ-వీల్ డ్రైవ్ ట్రక్కుదే కావాలి, ఫోర్-వీల్ డ్రైవ్ దానికి వెనక భాగం వేరు.

రంగులూ మెరుగులూ తర్వాత. ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి ఖాళీగా కూర్చోబెట్టి చూడు. ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంట్లకి అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి. ట్రక్కు ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ పాన్ లోతుగా ఉంటుంది, ఫ్రేములోని అడ్డకమ్మీకి, అంటే క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది, లేదా రోడ్డుకి మరీ దగ్గరగా వేలాడుతుంది. ఇలాంటి మార్పిడి కోసమే చేసిన పాన్ కొను. ఇంజిన్‌లోకి గాలి పంపే ట్రక్కు ఇన్‌టేక్ ఎత్తు ఎక్కువ కాబట్టి దానిమీద బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మెల్లగా మూసి చూడు, ఎంత సందుందో ఆ ముద్దే చెబుతుంది. స్టీరింగ్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి ఇంజిన్ పక్కనుంచి పొగ బయటికి తీసుకెళ్లే హెడర్ గొట్టాలకి తగులుతోందేమో కూడా చూడు.

ఇప్పుడు పెట్రోలు సంగతి. ఇది రెండుసార్లు చదువు. పాత కార్బురేటర్‌కి 5 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు. ఈ ఇంజిన్ ఇంజెక్టర్లకి 58 పీఎస్ఐ కావాలి. పాత రబ్బరు గొట్టం, పాత క్లాంపులు అంత ఒత్తిడికి ఆగవు. ఊడితే పెట్రోలు వేడి హెడర్ల మీద చిమ్ముతుంది, కారు తగలబడుతుంది. ఇంజెక్షన్‌కి తగిన గొట్టాలు, క్లాంపులే వాడు, హెడర్లకి దూరంగా నడిపించు. పంపు టాంకులోపల, పెట్రోలులో మునిగి ఉండాలి. అప్పుడు చల్లగా ఉంటుంది, డాలస్ ఎండలకి అది చాలా అవసరం. టాంకులో అడ్డుపలకలు లేకపోతే మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు ఓ పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. అందుకే ఇంజెక్షన్ కోసం చేసిన టాంకే కొను, ఇక్కడ పొదుపు చెయ్యకు. ఒత్తిడిని అదుపులో పెట్టడానికి 1999-2003 కార్వెట్ ఫిల్టర్ వాడుకోవచ్చు, రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది. ఇంకో మాట: పంపు రిలేని ఇంజిన్ కంప్యూటరే నడపాలి. తాళంచెవికి నేరుగా కలిపావంటే, గుద్దుకుని ఇంజిన్ ఆగిపోయినా పంపు మాత్రం పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

కూలింగ్‌లో చాలామంది వదిలేసేది ఒక్కటి. సిలిండర్ హెడ్ల పైన ఆవిరి బయటికి పోయే సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి. అవసరం లేదని మూసేస్తే ఆవిరి హెడ్లలోనే చిక్కుకుంటుంది. మీటర్‌లో అంతా మామూలుగా కనబడుతూనే లోపల ఒక చోట హెడ్ కాలిపోతుంది.

వైరింగ్ దగ్గర అందరికీ తల ప్రాణం తోకకొస్తుంది. దానికి ముఖ్య కారణం గ్రౌండ్లు, అంటే కరెంటు తిరిగి బాటరీకి వెళ్లే దారులు. బాటరీ నుంచి ఇంజిన్ బ్లాక్‌కి, బ్లాక్ నుంచి ఫ్రేముకి, అక్కడినుంచి బాడీకి లావుపాటి తీగలు వెయ్యి, బిగించే చోట పెయింట్ గీకేసి ఇనుము కనబడనియ్యి. కంప్యూటర్‌లో ట్రక్కు దొంగతనాన్ని ఆపే లాక్ ఇంకా ఉంటుంది. అది ట్యూనింగ్‌లో, అంటే కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేటప్పుడు, తీయించకపోతే ఇంజిన్ స్టార్టయి వెంటనే ఆగిపోతుంది, నువ్వేమో పెట్రోలు రావట్లేదని వెతుకుతూ కూర్చుంటావు.

వెనక యాక్సిల్‌లో ఎవరో 3.73 గేర్లు వేశారన్నావు కదా, అంటే చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి. 26 అంగుళాల టైర్లతో 70 మైళ్ల వేగంలో పవర్‌గ్లైడ్ మీద ఇంజిన్ సుమారు 3,370 ఆర్‌పీఎంలో అరుస్తూ ఉంటుంది. 4ఎల్60ఈ నాలుగో గేరులో డ్రైవ్ షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజిన్ 0.70 సార్లు తిరిగితే చాలు కాబట్టి అదే వేగంలో 2,360 చాలు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా చెల్లాయిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. నన్నడిగితే ఈ మార్పిడిలో అసలు సుఖం ఇదే, హార్స్‌పవర్ కంటే కూడా. అయితే పాత డ్రైవ్ షాఫ్ట్ సరిపోతుందని అనుకోకు. కారు బరువంతా చక్రాల మీద ఉండగా కొలిపించి కొత్తది చేయించు. గేర్‌బాక్స్ వెనకవైపు ఎన్ని డిగ్రీలు కిందికి వాలితే, డ్రైవ్ షాఫ్ట్ కలిసే యాక్సిల్ పినియన్ అన్ని డిగ్రీలు పైకి చూడాలి. ఆ లెక్క తప్పితే కారు వణుకుతుంది, ఎన్ని టైర్లు బాలెన్స్ చేయించినా పోదు.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు తొందరపడకు. ముందు తాళం ఆన్ చేసి, పంపు ఒత్తిడి పెంచాక గొట్టాలన్నీ చేత్తో తడుముతూ చూడు, ఎక్కడా తడి ఉండకూడదు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, పంపు, ఇంజెక్టర్ల ఫ్యూజులు తీసి, ఆయిల్ ప్రెజర్ మీటర్ కదిలేదాకా స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పు. అప్పుడు ప్లగ్గులు బిగించి, ఫ్యూజులు మళ్లీ పెట్టి స్టార్ట్ చెయ్యి. మంటలార్పే సిలిండర్ నీ చేతికందేలా ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ఇంజిన్ కింద ఎప్పుడూ జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని దూరకు, స్టాండ్లు వెయ్యి. పాన్ కొనేముందు క్రాస్‌మెంబర్ దగ్గర టేపు పెట్టి ఫోటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ మామయ్య