వృద్ధాశ్రమంలో నాయనమ్మకు అన్నం తినిపిస్తుంటే రోజూ పొలమారుతోంది, ఏం చేయాలి?

అన్నం మెత్తగా రుబ్బించినా మీ నాయనమ్మగారికి పొలమారుతోందనీ, ఇంకా పలుచన చేయించాలా అనీ అడిగారు. పలుచన చేస్తే మేలు జరుగుతుందనుకోకండి. మింగడం కష్టమైనవారిలో చాలామందికి గట్టి పదార్థం కంటే నీళ్లే వేగంగా పక్కదారి పడతాయి. ముందు ఒక పూట భోజనం వేళకు వెళ్లి, ఆమెను ఎలా కూర్చోబెడుతున్నారో చూడండి. నా దృష్టిలో అసలు సమస్య తొంభై పాళ్లు అక్కడే ఉంటుంది.

పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మా అమ్మను హైదరాబాదులో ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చాము. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి మంచం తలవైపు సగమే లేపి ఉంది; అమ్మ కిందికి జారి కుడిపక్కకు ఒరిగిపోయింది. ఆయమ్మ నిలబడి చెంచా అందిస్తుంటే అమ్మ ముఖం పైకెత్తి నోరు తెరుస్తోంది. అలా పైకి చూస్తూ మింగితే మెతుకు శ్వాసనాళంలోకి జారే ప్రమాదం ఎక్కువని అప్పటికి నాకు తెలియదు. అమ్మకు పొలమారగానే ఆయమ్మ మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారమ్మా" అంటూ నీళ్లు పట్టింది. మూడో రోజుకు జ్వరం, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆయమ్మను నేను తప్పుపట్టను. గంటలో తొమ్మిది మందికి తినిపించాల్సిన మనిషికి ఈ పని ఎవరూ నేర్పలేదు. ఏసీ గదుల గురించి అంతసేపు చెప్పే నిర్వాహకులు, ఒక్కొక్క ఆయమ్మ ఎంతమందికి తినిపిస్తుందో మాత్రం చెప్పరు.

ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు (మాటతో పాటు మింగడంలో ఇబ్బందులనూ చూసేవారు) ముందుగా అమ్మను తలవైపుకు జరిపించి, నడుము సరిగ్గా మంచం మడత దగ్గరకు వచ్చాక మోకాళ్లవైపు కాస్త లేపించి, ఆ తరువాతే వీపువైపు హ్యాండిల్ తిప్పించారు. మోకాళ్లు లేపకుండా వీపు ఒక్కటే లేపితే మనిషి మళ్లీ జారిపోతుంది. పడిపోయిన చేయి కింద దిండు పెట్టి, ఎదురుగా అమ్మ కళ్ల ఎత్తులో కూర్చుని, చెంచాను కింది నుంచి అందిస్తూ, బాగున్న ఎడమవైపు కొద్దికొద్దిగా పెట్టి, గుటక పడిందని చూశాకే తరువాతి ముద్ద ఇవ్వమన్నారు. గడ్డం కాస్త దించి మింగడం అమ్మకు పనిచేసింది, కానీ అది అందరికీ సరిపడదు కాబట్టి మీ నాయనమ్మగారిని కూడా ఒకసారి థెరపిస్టుకు చూపించండి. కుర్చీలో కూర్చోగలిగితే అదే మేలు, పాదాలు నేలకు ఆనితే చాలు.

దగ్గు రాలేదని నిశ్చింతగా ఉండకండి. కొందరికి దగ్గు లేకుండానే మెతుకు శ్వాసనాళంలోకి పోతుంది. గొంతు తడిగా గరగరలాడితే తినిపించడం ఆపాలి. తిన్నాక బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూసి, నోరు శుభ్రం చేసి, కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టాలి.

వెళ్లేటప్పుడు ఒక స్టూలు కూడా తీసుకెళ్లండి. మా అమ్మ గదిలో కూర్చోవడానికి ఏమీ లేకనే ఆయమ్మ నిలబడి తినిపించేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.