డెబిట్ కార్డుకి ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ యస్ అనాలా, నో అనాలా? 105 డాలర్లు వదిలించుకున్న అక్క జవాబు

తమ్ముడూ, ఆగస్టులో అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చావు, అకౌంట్ తెరిచావు, ఇప్పుడు బ్యాంకు యాప్ తీసినప్పుడల్లా "డెబిట్ కార్డుకి ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ కావాలా" అని అడుగుతోంది, రూమ్మేట్లలో ఇద్దరు పెట్టుకో అంటున్నారు ఇద్దరు వద్దంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగావు కదా. అకౌంట్‌లో డబ్బుల్లేకపోయినా కార్డు ఆగకుండా బ్యాంకు కట్టేసి, దానికి నీ దగ్గర ఫీజు గుంజడమే ఈ కవరేజ్. వద్దు అని కొట్టెయ్. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదువు.

నేను 2016లో డాలస్ దగ్గర చదువుకోడానికి వచ్చా. ఓరియెంటేషన్ రోజు క్యాంపస్‌లో ఒక బ్యాంకు వాళ్ళు టేబుల్ వేసుకుని కూర్చున్నారు, అకౌంట్ తెరిస్తే టీషర్టు ఫ్రీ, నాతో పాటు దిగినవాళ్ళు పదిమందిమి ఆ టీషర్టు కోసం లైన్ కట్టాం (నవ్వకు, నువ్వూ కట్టే ఉంటావు). ఫారాలన్నీ అయ్యాక బ్యాంకావిడ చివర్లో "ఎమర్జెన్సీలో కార్డు డిక్లైన్ అవ్వకుండా ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టమంటావా" అంది. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే మన ఓడీయే కదా అని నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నరసరావుపేటలో మాకు ఎరువుల కొట్టు, ఓడీ అనే మాట నేను చిన్నప్పట్నుంచి అన్నం తింటూ విన్నదే. సీజన్ ముందు ఓడీలోంచి తీసి స్టాక్ దింపుతాడు, పంట చేతికొచ్చి రైతులు బాకీలు కట్టాక మళ్ళీ నింపుతాడు, ఎంత వాడితే అంతకే, ఎన్ని రోజులు వాడితే అన్ని రోజులకే వడ్డీ. అబ్బో, వచ్చిన వారానికే నాకు ఓడీ ఇస్తున్నారే అని మురిసిపోయి యస్ అని టిక్కు పెట్టేశా. ఆ కాగితం మీద ఫీజు ఎంతో స్పష్టంగా రాసుంది, "నాకు కావాలి", "నాకు వద్దు" అని రెండు గళ్ళు కూడా ఉన్నాయి, నేనే చదవలేదు.

ఇక్కడే తేడా కొట్టింది. మన ఓడీకి వడ్డీ, ఈ ఓవర్‌డ్రాఫ్ట్‌కి ఫీజు. నాన్న ఓడీలో వంద రూపాయలు మూడు రోజులు వాడితే నూటికి 12 లెక్కన పడేది పది పైసలు. నా బ్యాంకులో నాలుగు డాలర్ల కాఫీకి అకౌంట్ తక్కువైనా, నాలుగొందల డాలర్ల టైర్లకి తక్కువైనా పడేది ఒకటే, 35 డాలర్లు. అదీ సారికి, రోజుకి కాదు.

సరే, నా కథ. ఫస్ట్ సెమిస్టర్ నవంబరు. రెంట్‌లో నా వాటా 210 డాలర్లు, ఒకటో తారీఖునే లీజు పేరున్న రూమ్మేట్‌కి చెక్కు రాసిచ్చా. ఆ మహాతల్లి దాన్ని పుస్తకంలో పెట్టి మర్చిపోయింది. నేనేమో యాప్ చూసుకుంటే 231 డాలర్ల 40 సెంట్లు కనిపిస్తున్నాయి, ఇంకేం, నేను లక్షాధికారిని. శుక్రవారం ఆవిడకి చెక్కు గుర్తొచ్చి ఫోన్‌లో ఫొటో కొట్టి డిపాజిట్ చేసింది, నాకు చెప్పలేదు, చెప్పాలని ఆవిడకెందుకు తోస్తుంది. శనివారం ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు, గోంగూర పచ్చడి, పెరుగు డబ్బా, 19 డాలర్ల 85 సెంట్లు. దాని తర్వాత లైబ్రరీ కింద కాఫీ, నాలుగుంపావు. ఆదివారం మధ్యాహ్నం బర్గర్, 8 డాలర్ల 12 సెంట్లు, సాయంత్రం జలుబుకి టాబ్లెట్లు, 6 డాలర్ల 49 సెంట్లు. కార్డు ఎక్కడా ఆగలేదు, అన్నిచోట్లా అప్రూవ్డ్ అని పచ్చగా వచ్చింది.

సోమవారం పొద్దున చూస్తే బ్యాలెన్సు మైనస్ 122. చెక్కు పోయాక నా దగ్గర మిగిలింది 21 డాలర్లే, పప్పు దాకా బానే ఉంది, కాఫీ దగ్గర్నుంచి మొదలైంది. కాఫీకి 35, బర్గర్‌కి 35, టాబ్లెట్లకి 35. పంతొమ్మిది డాలర్లు కూడా లేని ఖర్చుకి 105 డాలర్ల ఫీజు. అప్పటి రేటుకి ఏడు వేల రూపాయలు. క్యాంపస్ కెఫెటీరియాలో గంటకి 8 డాలర్లకి చేసేదాన్ని, అంటే పదమూడు గంటలు గిన్నెలు కడిగిన డబ్బు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు కాబట్టి వారం జీతంలో సగం పైన. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఏడ్చా. ఆయన అంతా విని "అది ఓడీ కాదమ్మా, కాల్ మనీ" అన్నాడు. (విజయవాడలో అప్పటికి ఏడాది కింద, 2015 చివర్లో, కాల్ మనీ, అంటే అడగ్గానే అప్పిచ్చి ఘోరమైన వడ్డీ గుంజే దందా, దాని గొడవ రచ్చ రచ్చ అయింది, ఆయన నోట్లో ఆ మాట ఇంకా ఉంది.)

మంగళవారం బ్రాంచికి వెళ్ళి, ఇది మొదటిసారి, స్టూడెంట్‌ని, చెక్కు లేటుగా పడింది అని బతిమాలితే మేనేజరు రెండు ఫీజులు వెనక్కి ఇచ్చాడు. నీకెప్పుడైనా ఇలా పడితే నోరు మూసుకుని ఊరుకోకు, వెళ్ళి అడుగు, గొడవ పడక్కర్లేదు, మొదటిసారికి చాలాచోట్ల ఇస్తారు. కవరేజ్ కూడా అక్కడే తీయించేశా. "రేపు స్టోర్‌లో కార్డు డిక్లైన్ అవుతుంది మరి, పర్లేదా" అని రెండుసార్లు అడిగాడు.

అసలు భయం అదే కదా మనకి, డిక్లైన్. నాక్కూడా వచ్చాక తెలిసింది, ఇక్కడ స్టోర్‌లో డెబిట్ కార్డు డిక్లైన్ అయితే బ్యాంకు పైసా తీసుకోదు. మన దగ్గర ఏటీఎంలో డబ్బుల్లేకుండా నొక్కితే ఇరవై రూపాయలో ఎంతో, పైన జీఎస్‌టీ కూడా పడే బ్యాంకులున్నాయి కాబట్టి ఇక్కడా అలాగే ఉంటుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు, యస్ పెట్టుకోమన్న నీ రూమ్మేట్లు కూడా అదే లెక్కలో ఉన్నారేమో అడుగు. డిక్లైన్ అయితే పోయేది పరువు, అదీ ఒక్క నిమిషం. నాకు ఆ తర్వాత రెండుసార్లు అయింది, ఒకసారి ఇండియన్ స్టోర్‌లోనే, వెనకాల లైన్‌లో మన తెలుగు ఆంటీలు, తల కొట్టేసినట్టయింది, బుట్టలోంచి నెయ్యి డబ్బా తీసి పక్కన పెట్టి మళ్ళీ గీకా, అయిపోయింది. 35 డాలర్లు మిగిలాయి, నెయ్యి తర్వాత వారం కొనుక్కున్నా.

ఇంకో మాట, నిన్ను ఇలా అడుగుతున్నారంటే అది బ్యాంకు మర్యాద అనుకోకు, అడగాలని రూలు. ఒకప్పుడు చాలా బ్యాంకులు అడక్కుండానే అందరికీ ఇది తగిలించేసేవి. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ రూలు పెట్టాక 2010 జులై 1 నుంచి కొత్త అకౌంట్లకి, ఆగస్టు 15 నుంచి పాత అకౌంట్లకి, కస్టమరు తనంతట తాను యస్ అంటే తప్ప ఏటీఎం మీదా మామూలు డెబిట్ కార్డు కొనుగోళ్ళ మీదా ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వెయ్యకూడదు. నువ్వు ఏమీ నొక్కకుండా వదిలేస్తే నో అన్నట్టే. అందుకే యాప్ నిన్ను వదలట్లేదు. 2014లో కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో అని ఇక్కడి ప్రభుత్వ సంస్థ లెక్కలు తీస్తే, డెబిట్ కార్డు మీద పడే ఈ ఫీజుల్లో సగానికి పైగా 24 డాలర్లు, అంతకంటే చిన్న కొనుగోళ్ళకే పడుతున్నాయని, ఎక్కువమంది మూడు రోజుల్లోపే మళ్ళీ నింపేస్తున్నారని తేలింది. 24 డాలర్లు మూడు రోజులకి అప్పిచ్చి, దాని మీద 34 ఫీజు తీసుకుంటే ఏడాది వడ్డీ లెక్కన నూటికి 17 వేలు. మా నాన్న కాల్ మనీ అన్నది తక్కువే.

అయితే నో అన్నాక ఇక మనకేం ఢోకా లేదు అని పడుకోకు. ఈ నో అనేది కార్డు గీకుడికీ ఏటీఎంకీ మాత్రమే. చెక్కులకీ, అకౌంట్ నంబరిచ్చి పెట్టే కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు ఆటోపేలకీ ఇది వర్తించదు, నెలనెలా కార్డు మీద కోసుకునే సబ్‌స్క్రిప్షన్లకి కూడా. అవి వచ్చినప్పుడు డబ్బుల్లేకపోతే కట్టాలా తిప్పి పంపాలా అనేది బ్యాంకు ఇష్టం, కడితే ఫీజు వెయ్యొచ్చు, తిప్పి పంపితే అవతల అపార్ట్‌మెంట్ వాళ్ళు లేట్ ఫీజు, బౌన్స్ ఫీజు వాయిస్తారు. ఆ సోమవారం నా చెక్కే ఆఖర్న వచ్చుంటే, కార్డుకి నో అని ఉన్నా ఒక ఫీజు పడే ఉండేది. కాకపోతే ఒకటే, మూడు కాదు.

దానికి మందు ఏంటంటే సేవింగ్స్ అకౌంట్ లింక్ చేసుకోవడం. దీన్ని ఓవర్‌డ్రాఫ్ట్ ప్రొటెక్షన్ అంటారు, పేరు ఒకేలా ఉంటుంది, కావాలనే అలా పెట్టారేమో అని నా అనుమానం, కానీ ఇది వేరు. చెకింగ్‌లో (రోజువారీ ఖర్చులకి వాడే అకౌంట్) తక్కువైతే నీ సేవింగ్స్‌లోంచి నీ డబ్బే అటు జరుపుతారు, ఇప్పుడు చాలా బ్యాంకుల్లో దీనికి ఫీజు లేదు, ఉన్నా చిన్నది. సేవింగ్స్‌లో ఒక వంద నూటయాభై పడేసి మర్చిపో. దీనికి యస్ అను, అడుగుతున్నది దేనికో పేరు రెండుసార్లు చదువుకుని మరీ అను.

నీ బ్యాంకు ఏదో నువ్వు రాయలేదు, అది కూడా తేడా పడుతుంది. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు 2022లో ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజే ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి 10కి దించింది. ఇంకొన్నిటిలో 35 దరిదాపుల్లోనే ఉంది, యాభై డాలర్ల లోపు మైనస్ అయితే వదిలెయ్యడం, మర్నాటి లోపు నింపితే వదిలెయ్యడం లాంటి సర్దుబాట్లు పెట్టారు. నీ బ్యాంకు ఫీజు షెడ్యూల్ అని యాప్‌లో ఉంటుంది, చూసుకో. ఎవరైనా "ఇప్పుడు రూలొచ్చింది, ఐదు డాలర్లకి మించి వెయ్యకూడదు" అని వీడియో పంపితే నమ్మకు, ఆ రూలు 2024 డిసెంబరులో పెద్ద బ్యాంకులకి పెట్టిన మాట నిజమే, అమల్లోకి రాకముందే కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) కొట్టేసింది, 2025 మేలో ప్రెసిడెంట్ సంతకం కూడా అయిపోయింది.

యస్ అన్నందుకు బాగుపడినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, ఒకడ్ని చూశా. మా బ్యాచ్ అబ్బాయి ఒకడు రాత్రి పదకొండింటికి హైవే మీద కారు ఆగిపోయి, టోయింగ్ వాడికి కట్టడానికి అకౌంట్‌లో పాతిక డాలర్లు తక్కువైతే ఆ కవరేజే కాపాడింది, 35 పోతే పోయాయి, చలిలో రోడ్డు మీద నిలబడకుండా ఇంటికొచ్చాడు. వాడిప్పటికీ యస్సే అంటాడు, వాడి లెక్క వాడిది. కానీ అప్పుడు వాడికి క్రెడిట్ కార్డు లేదు. నువ్వు వచ్చిన మొదటి నెలల్లోనే ఒక స్టూడెంట్ కార్డో, అది రాకపోతే రెండొందల డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డో తీసుకుంటే ఆ రాత్రి పని అది చేస్తుంది, నెలాఖరుకి మొత్తం కట్టేస్తే వడ్డీ కూడా పడదు. క్రెడిట్ కార్డు వచ్చేదాకా కూడా నేనైతే నో అనే అంటా, నీకు రాత్రిపూట కారేసుకుని దూరాలు తిరిగే పనుంటే మాత్రం ఆలోచించుకో.

గ్యాస్ పంపు, అంటే మన పెట్రోల్ బంకు, గురించి ఒక్క ముక్క. డెబిట్ కార్డు పంపు దగ్గర పెడితే నువ్వు కొట్టేది ఇరవై డాలర్లయినా వందకి పైన హోల్డ్ పెట్టి కొన్ని గంటలు నొక్కేస్తారు కొన్నిచోట్ల, ఆలోపు ఇంకేదైనా బిల్లొస్తే డబ్బులున్నా లేనట్టే. లోపలికెళ్ళి "ఇరవైకి" అని చెప్పి కట్టెయ్. రెస్టారెంట్‌లో టిప్పు కూడా కార్డు గీకినప్పుడు కాదు, తర్వాత కలుస్తుంది, అది లెక్కలో పెట్టుకో.

రేపు చదువైపోయి ఊరు మారినా, ఇండియా వెళ్ళిపోయినా, అకౌంట్ మైనస్‌లో వదిలేసి వెళ్ళకు. మా సీనియర్ ఒకావిడ అరవై డాలర్ల మైనస్ వదిలేసి రాష్ట్రం మారింది, బ్యాంకు ఆ అకౌంట్ మూసేసి చెక్స్‌సిస్టమ్స్ అని, కొత్త అకౌంట్ ఇచ్చే ముందు బ్యాంకులు చూసుకునే రికార్డులో పేరు ఎక్కించింది, అది ఐదేళ్ళుంటుంది, ఉద్యోగం వచ్చాక జీతం పడటానికి కొత్త బ్యాంకులో అకౌంట్ తెరవబోతే కుదర్దన్నారు.

ఇప్పటికే యస్ నొక్కేసి ఉన్నా ఏం కాదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, యాప్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ అని ఉంటుంది, లేకపోతే ఫోన్ చేసి "ఏటీఎం, డెబిట్ కార్డు ఓవర్‌డ్రాఫ్ట్ తీసెయ్యండి" అను, కన్ఫర్మేషన్ వస్తే స్క్రీన్‌షాట్ దాచుకో. అది రెండు నిమిషాల పని. దానికన్నా ముందు, ఈ నెల రెంట్ చెక్కు ఇంకా నీ రూమ్మేట్ పుస్తకంలోనే ఉందేమో కనుక్కో.