సబ్‌కాంట్రాక్టు సంతకానికి ముందు బీమా సంగతి

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయవాడలో కట్టబోయే అపార్ట్‌మెంటుకు కరెంటు పనులు సబ్‌కాంట్రాక్టుగా దక్కాయని నీవు రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషం. రేట్ల గురించీ, బిల్లుల గడువు గురించీ వివరంగా రాశావు గాని, బీమా విషయం మెయిన్ కాంట్రాక్టరు చూసుకుంటారని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నేను రాయవలసినది ఆ ఒక్క ముక్క గురించే.

ఆయన తీసుకునేది సాధారణంగా కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ. కట్టడానికీ, అక్కడి సామగ్రికీ జరిగే నష్టం, పని వల్ల ఇరుగుపొరుగుకో దారిన పోయేవారికో కలిగే హాని దాని పరిధిలోకి వస్తాయి. అయితే ఆ ప్రాజెక్టుతో సంబంధం ఉన్న ఏ సంస్థ పనివారికి గాయమైనా తమకు బాధ్యత లేదని అందులోని థర్డ్ పార్టీ భాగంలోనే, అంటే బయటివారికి కలిగే హాని గురించిన భాగంలోనే, రాసి ఉంటుంది. అంటే నీ కుర్రవాడు పరంజా మీద నుంచి పడితే ఆ భాగం కింద ఒక్క రూపాయి రాదు. నీ డ్రిల్లింగ్ యంత్రాల వంటివి కూడా జాబితాలో విడిగా చేర్పిస్తే తప్ప లెక్కలోకి రావు. కనుక ఎవరికి, దేనికి బీమా ఉందో చూపే షెడ్యూలు పేజీ నకలు అడిగి తీసుకొని, బీమా పొందేవారి పేరు ఉన్న చోట సబ్‌కాంట్రాక్టర్లను కూడా చేర్చారో లేదో చూడు. చేర్చకపోతే, నీ పనివారి పొరపాటు వల్ల జరిగిన నష్టాన్ని కంపెనీ ఆయనకు చెల్లించి, ఆ మొత్తం కోసం నీ మీదికే రావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి నీవు చూసినదే. వరద నష్టం పాలసీలో ఉందా, ఉంటే మొదట మనం భరించవలసిన సొమ్ము ఎంత అని కూడా అడుగు. ఏ పాలసీ ఉన్నా వైరు చుట్టలను సెల్లారులో మాత్రం పెట్టించకు.

ఇక పనివారి సంగతి. పనిలో గాయపడినవారికి పరిహారం చెల్లించాలన్న 1923 నాటి చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టంలో కలిసిపోయినా మూల సూత్రం మారలేదు. నీ పనివాడు మెయిన్ కాంట్రాక్టరును కూడా పరిహారం అడగవచ్చు, అయితే ఆయన చెల్లించినదాన్ని నీ నుంచి రాబట్టుకునే హక్కును ఆ చట్టమే ఆయనకు ఇచ్చింది. నీ బిల్లులు ఆయన చేతిలోనే ఉంటాయి గనుక అందుకు కోర్టుకు వెళ్లే అవసరం కూడా ఆయనకు ఉండదు. ఆ భారం ఎంతో లెక్క కట్టి చూడు. 2020 జనవరిలో కేంద్రం నిర్ణయించిన 15,000 రూపాయల నెల వేతన పరిమితిలో సగం 7,500, ముప్పై ఏళ్ల వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98. ఆ రెంటినీ హెచ్చిస్తే మరణ పరిహారం 15,59,850 రూపాయలు అవుతుంది. నెలలోగా చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా పడతాయి. ఆ జరిమానాను బీమా కంపెనీ భరించదు.

కనుక నీ పేరు మీదే కార్మిక పరిహార పాలసీ తీసుకో. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు చెబితే ఎనిమిది మంది పనిచేసే చోట నలుగురిని చూపించవద్దు, వేతనం తగ్గించి రాయవద్దు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీవారు మొదట అడిగేది హాజరు పుస్తకమూ, కూలి చెల్లించిన ఆధారాలూ. ఒక్కరోజుకు పిలిచిన హెల్పరు పేరు కూడా ఆ రోజే పుస్తకంలో ఎక్కాలి, అతని కూలి ఫోన్‌పేలో వేస్తే ఇంకా మంచిది. పని వివరం దగ్గర వైరింగు అని మాత్రమే రాయక, పరంజా మీద, ఎత్తులో చేసే పని కూడా ఉందని రాయించు. గోడలకు గాడి కొట్టే పని వేరొక మేస్త్రీకి అప్పగిస్తే అతని మనుషులను అదనపు షరతుతో చేర్పించాలి, ఆసుపత్రి ఖర్చులకు కూడా విడిగా అడగాలి. ప్రీమియం ముందుగా అందితే తప్ప బాధ్యత మొదలు కాదని 1938 బీమా చట్టంలో స్పష్టంగా ఉంది గనుక, పని మొదలయ్యాక కడదామనుకోవద్దు.

అందరికీ పాలసీ తీసుకొని తన సంగతి మరచిపోవడం మన చిన్న కాంట్రాక్టర్లలో తరచుగా చూస్తాను. నీవు యజమానివి, కూలివి కావు, అందుచేత ఆ పాలసీ నీకు వర్తించదు. నిచ్చెన ఎక్కేవాడివి నీవు కూడా గదా! మంచాన పడితే వారం వారం కొంత సొమ్ము వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా, దానితోపాటు కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకో. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఏటా 20 రూపాయలతో ప్రమాద మరణానికి రెండు లక్షలు ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో నీవూ, నీ పనివారూ చేరండి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోవడమే దానికి కావలసిన శ్రద్ధ. అది పరిహారానికి బదులు కాదని మాత్రం గుర్తుంచుకో.

వర్క్ ఆర్డరులో సైటు నష్టమంతా సబ్‌కాంట్రాక్టరే భరించాలని రాసి ఉంటే, నీ మనుషుల వల్ల కలిగిన నష్టం వరకే అని సవరించమని మర్యాదగా అడుగు. ప్రీమియం ఖర్చును కొటేషనులో విడి పద్దుగా చూపించు, ఆ మాత్రానికి కాదనే మెయిన్ కాంట్రాక్టరును నేను చూడలేదు. షెడ్యూలు పేజీ, వర్క్ ఆర్డరు ముసాయిదా రెండూ సంతకానికి ముందే నాకు వాట్సాప్‌లో పంపు, చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య