తప్పు రబ్బరుది, శిక్ష చేతికా?

ప్రశ్న: మాది సంస్థాన్ నారాయణపురం దగ్గర పల్లె. వయసు 28. ఇంటర్ తర్వాత మగ్గం మీద కూర్చున్నాను. డిజైన్లు గీయడం చిన్నప్పటి నుంచి ఇష్టం. రెండేళ్ల కింద నేను గీసిన డిజైన్‌తో పట్టు వార్పు (మగ్గానికి నిలువుగా ఎక్కించే దారాలు) వేస్తే రంగు దిగి మొత్తం పాడైంది. 20 వేల పైన నష్టం. మాకు నేత పనిచ్చే మాస్టర్ వీవర్ నలుగురి ముందు "గ్రాఫ్ మీద బొమ్మలు గీసినోళ్లంతా కళాకారులైతరా?" అన్నాడు. నాయిన ఏమీ అనలేదు. అప్పటి నుంచి వాళ్లిచ్చిన డిజైన్లే నేస్తున్నాను. పెన్సిల్ పడితే చేతికి చెమటలు. హైదరాబాద్‌లో బొటిక్ నడిపే ఒకావిడ నా పాత డిజైన్ ఫొటో చూసి, చీర నేసిస్తారా అని మెసేజ్ పెట్టి పన్నెండు రోజులైంది. జవాబివ్వలేదు. నాలో నిజంగా కళ ఉందా? ఈ భయం పోయేదెలా?

జవాబు: మీలో కళ ఉందో లేదో నేను చెప్పలేను. మీ చీర నేను చూడలేదు, చూసినా తీర్పు చెప్పేంత నేత నాకు తెలియదు. కానీ మీ పూర్తి ఉత్తరం మూడు పేజీలుంది. అందులో పేజీన్నర ఆ వార్పు గురించే. ఏ వైపు రంగు దిగింది, అంచు దగ్గర చిటికి (రంగు పట్టకుండా దారాన్ని బిగించే కట్టు) కట్టిన రబ్బరు ముక్కలు ఎంత పాతవి, అవి ఎలా సాగిపోయాయి, కొత్త ట్యూబు కొందామంటే ఆ రోజు దుకాణం ఎలా మూసి ఉంది... అన్నీ రాశారు. పని రానివాడు "ఏమైందో ఏమో, పాడైంది" అంటాడు. మీకు తప్పు ఎక్కడ జరిగిందో జానెడు తేడా లేకుండా తెలుసు.

తప్పు రబ్బరుది. రెండేళ్లుగా శిక్ష పడింది మాత్రం పెన్సిల్ పట్టే చేతికి. డిజైన్ బాగాలేదని ఆ రోజు ఎవరన్నా అన్నారా? మీరు రాసినదాంట్లో నాకైతే కనిపించలేదు. డిజైన్ ఎలా ఉందో చూసేలోపే రంగు దిగిపోయింది కదా.

మీరు ఒకే భయం అనుకుంటున్నది నిజానికి రెండు. ఒకటి డబ్బు భయం. దాన్ని తరిమేయమని నేను చెప్పను. పట్టు ధర తెలిసి, ఇంటి ఖర్చు తెలిసినవాడికి ఆ మాత్రం భయం ఉండాలి. "ధైర్యం చెయ్, అంతా మంచే జరుగుతుంది" అనేవాళ్లు మీ నూలు బిల్లు కట్టరు. రెండోది నలుగురి ముందు పడ్డ మాట. ఇదే అసలు ముల్లు. గ్రాఫ్ తీస్తారు, ఆ మాట వినిపిస్తుంది, పుస్తకం మూసేస్తారు, గుండె తేలికపడుతుంది. ఆ తేలికే మోసం. మూసిన ప్రతిసారీ, ఆ పుస్తకంలో నిజంగా ఏదో ప్రమాదం ఉందని మనసు ఇంకాస్త గట్టిగా నమ్ముతుంది. అందుకే ధైర్యం వచ్చాక గీద్దామని కూర్చుంటే అది రాదు. చెమట పడుతుండగానే గీయాలి. రోజుకు పావుగంట చాలు. గీసినదాన్ని ఆ రోజు చింపొద్దు, దిద్దొద్దు.

డబ్బు భయానికి మందు లెక్క. నాకంటే మీకే బాగా తెలుసు, పడుగుకు, అంటే నిలువు దారాలకు, చిటికి కట్టిన చోట తప్పు జరిగితే వార్పంతా పోతుంది. పేకకు, అంటే అడ్డ దారానికి మాత్రమే కట్టే డిజైన్ అయితే పోయేది కొన్ని కండెల దారం. అందుకని చీర జోలికి ఇప్పుడే పోవద్దు. నూలులో ఒక చున్నీ, సాదా పడుగు, డిజైన్ పేకలోనే. రబ్బరు మాత్రం కొత్తది కొనండి!

మీ వైపు వాళ్లకు చింతకింది మల్లేశం గారి గురించి చెప్పనక్కర్లేదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో, అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు మెషీన్ (చిటికి కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే యంత్రం) మొదలుపెట్టిన మనిషి. అందరూ 2017 పద్మశ్రీ దగ్గర కథ ఆపేస్తారు, నాకది నచ్చదు. ఆ మెషీన్ 1992లో మొదలై 1999లో గానీ పూర్తికాలేదు. మధ్యలో చేతిలో డబ్బైపోయి, చివరి భాగం కుదరక, ఆయన హైదరాబాద్ వెళ్లి పనిచేసుకున్నారు. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. మీరిప్పుడు ఉన్నది అలాంటి మధ్య సంవత్సరాల్లోనే.

ఇక మీ ఇంటి సంగతి. మళ్లీ డిజైన్ వేద్దామని మీ ఆవిడ రోజూ అడుగుతుంటే సతాయింపులా ఉందని ఉత్తరంలో రాశారు. ఆసు పోసేది ఆమె, చిటికి కట్టడంలో సగం చెయ్యి ఆమెది. ఆ 20 వేల నష్టంలో ఆమె రెక్కల కష్టం కూడా పోయింది. అయినా మళ్లీ వేద్దామంటోంది. మాస్టర్ వీవర్ మాటను రెండేళ్లు మోస్తున్నారు, ఈమె మాటను ఒక్కపూట కూడా లెక్కలోకి తీసుకోలేదు.

నాయిన మౌనాన్ని మీరు నింద అనుకుంటున్నారు. అడిగి చూశారా? ఏదో ఒక సాయంత్రం, ఆయన మగ్గం గుంటలోంచి లేచి నడుం సాగదీసుకునేటప్పుడు, "నాయినా, నువ్వెన్ని వార్పులు ఖరాబ్ చేసినవే?" అని అడగండి. చాలామంది తండ్రులు ఈ లెక్క చెప్పకుండానే పోతారు.

ఒక్క విషయంలో మాత్రం తాత్సారం వద్దు. నిద్ర పట్టకపోవడం, మగ్గం దగ్గరికి పోవాలంటేనే గుండెదడ, తిండి సహించకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ఆ బొటిక్ ఆవిడకు జవాబు ఈ రాత్రే పెట్టండి. పెద్ద సంజాయిషీ వద్దు. "ఆలస్యమైంది మేడం. ముందు నూలులో ఒక చున్నీ సాంపిల్ పంపిస్తాను. నచ్చితే చీర మాట్లాడుకుందాం. చీరకు పట్టు ఖర్చు అడ్వాన్సుగా కావాలి." ఇంతే. టైప్ చేయడానికి చెయ్యి ఆడకపోతే ఫోన్ మీ ఆవిడకివ్వండి, మీరు చెబుతుంటే ఆమె కొడుతుంది.