పెద్దవాళ్ళు, పిల్లలతో మధ్యధరా తీరానికి: మూడు ఊళ్ళు వద్దు, ఒక్క నీస్ చాలు

ఇద్దరు పిల్లలు, అత్తామామలు, మీ అమ్మగారు, మొత్తం ఏడుగురు. జూన్‌లో పది రోజులు. బార్సిలోనా, ఫ్రాన్స్‌లోని నీస్, రోమ్ మూడూ చూసి రావాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. మూడు ఊళ్ళలో రెండు తీసేయండి. ఒక్క చోట ఇల్లు తీసుకుని, అక్కడి నుంచే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేలా తిరగండి.

రెండేళ్ళ కిందట మేమూ ఇలాగే నీస్, చింక్వే తెర్రె (ఇటలీ తీరంలోని ఐదు చిన్న ఊళ్ళు), రోమ్ అని కాగితం మీద రాసుకున్నాం. మామయ్యకి 71, మోకాళ్ళ నొప్పులు. అత్తయ్యకి షుగర్. మా అమ్మ ఉల్లిపాయ కూడా ముట్టదు. పిల్లలకి పదకొండు, ఐదు. జర్మనీలో ఉండే మా ఆడపడుచు ఆ కాగితం ఫోన్‌లో చూసి, "వదినా, నాన్న ఒక్క పెట్టె సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు కదా" అంది. అంతే, రోమ్ కొట్టేశాం, చింక్వే తెర్రె కొట్టేశాం. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, స్టేషన్, కొత్త ఇంటి తాళాలు, మళ్ళీ మాత్రల డబ్బా ఎక్కడుందో వెతుక్కోవడం, ఇలా ఒక రోజు పోతుంది. పెద్దవాళ్ళకైతే ఆ మర్నాడు కూడా పోతుంది.

నీస్ ఎందుకంటే, అక్కడి లోకల్ రైలు సముద్రం అంచునే వెళ్తుంది. తూర్పుకి ఎక్కితే ఏడెనిమిది నిమిషాల్లో విల్‌ఫ్రాంష్, ఇంకాస్త వెళ్తే మొనాకో, నలభై నిమిషాల్లోపే మాంతోన్, ఆ తర్వాత ఇటలీ సరిహద్దు దాటి వెంతిమీలియా. పడమటికి వెళ్తే ఆంతీబ్, కాన్. తూర్పుకి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ట్రామ్ ఉంది, రెండో నంబరు లైను. కారు అద్దెకి తీసుకోకండి. పాత ఊళ్ళలో పార్కింగ్ దొరకదు, పిల్లల సీట్లతో సహా ఏడుగురికి సరిపోయే కారు అంటే మాటలు కాదు.

ఇల్లు చూసుకునేటప్పుడు ఒక్క సంగతి గట్టిగా పట్టించుకోండి. మేం తీసుకున్న ఇంటి ప్రకటనలో "లిఫ్ట్ ఉంది" అని రాశారు. ఉంది కూడా. కానీ వీధి తలుపు తీయగానే తొమ్మిది పాలరాతి మెట్లు, అవి ఎక్కితేనే లిఫ్ట్. ఆ లిఫ్ట్‌లో ఇద్దరు, మధ్యలో ఒక పెట్టె పడితే గొప్ప. పాత భవనాల్లో లిఫ్ట్ తర్వాతెప్పుడో పెట్టించుకున్నారు కాబట్టి చాలా చోట్ల ఇలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. మామయ్య రోజుకి రెండుసార్లు ఆ తొమ్మిది మెట్లు గోడ పట్టుకుని ఎక్కారు. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. వీధి తలుపు నుంచి లిఫ్ట్ దాకా ఫోటో పంపమని యజమానిని అడగండి. పంపకపోతే ఆ ఇల్లు వదిలేయండి. రెండు బాత్రూములు ఉండాలి, రైల్వే స్టేషన్‌కో ట్రామ్‌కో నడిచే దూరంలో ఉండాలి. సముద్రం కనిపించే బాల్కనీ కన్నా ఇవి ముఖ్యం.

ఇక బీచ్. మన కాకినాడ, బాపట్ల ఇసుక మనసులో పెట్టుకుని వెళ్తే నీస్‌లో నిరాశే. అక్కడ ఇసుక లేదు, అన్నీ గుండ్రటి గులకరాళ్ళు, ఆల్ప్స్ కొండల నుంచి నదులు దొర్లించుకొచ్చినవి. చెప్పులు విప్పితే అడుగు పడదు. పైగా నాలుగడుగులు వేయగానే లోతు వచ్చేస్తుంది, ఈత రాని పిల్లలకి మంచిది కాదు. చిన్నపిల్లల్ని విల్‌ఫ్రాంష్‌కి తీసుకెళ్ళండి. అక్కడ స్టేషన్ పక్కనే బీచ్, ముతక ఇసుక, అఖాతంలో ఒదిగి ఉండడం వల్ల నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఆంతీబ్‌లో పాత కోటగోడ కింద గ్రావెట్ అనే బీచ్ ఉంది, అదీ ఇసుకే. రబ్బరు అడుగున్న నీళ్ళ చెప్పులు అందరికీ బయల్దేరేముందు మన దగ్గరే కొనండి.

మరి నీస్ బీచ్ దేనికంటే, ప్రొమెనాద్ దెజాంగ్లే కోసం. సముద్రం వెంట ఏడు కిలోమీటర్ల నడకదారి, చదునుగా, ఎక్కడ కాలు నొప్పి పెడితే అక్కడ కూర్చోవచ్చు. నీలం రంగు కుర్చీలు వేసి ఉంటాయి, ఎవరైనా కూర్చోవచ్చు, డబ్బు అడగరు. రోజూ సాయంత్రం ఐదున్నరకి మామయ్య, అత్తయ్య అక్కడ చేరేవారు. మామయ్య నీళ్ళలోకి ఒక్కరోజు కూడా దిగలేదు. ఇంటికొచ్చాక అందరికీ చెప్పేది మాత్రం ఆ కుర్చీల గురించే. కోట గుట్ట మీదికి ఉచిత లిఫ్ట్ ఉంది, పైనుంచి తీరం వంపంతా కనిపిస్తుంది. అదీ పెద్దవాళ్ళకి చూపించండి.

రోజుకి ఒక్క పనే పెట్టుకోండి. పొద్దున వెళ్ళి, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని, కునుకు తీసి, సాయంత్రం నడకకి. ఎవరికి కష్టమైన చోటికి వాళ్ళని లాక్కెళ్ళకండి. కొండ మీది ఎజ్ గ్రామం చాలా అందంగా ఉంటుంది గానీ లోపలంతా రాతిమెట్లు. మేం, అక్కడికొచ్చి మమ్మల్ని కలిసిన మా ఆడపడుచు, పెద్దపిల్ల కింది స్టేషన్ నుంచి, జర్మన్ తత్వవేత్త నీషే పేరుతో పిలిచే కాలిబాటన ఎక్కాం, గంటకి పైనే పట్టింది. ఆ రోజు పెద్దవాళ్ళు చిన్నాడితో ఇంట్లోనే ఉన్నారు. "మమ్మల్ని వదిలేసి వెళ్ళారు" అనుకుంటారేమోనని భయపడ్డాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా నెయ్యి వాసన.

అదెలాగో చెప్పాలి. పాలతో చేసినవి, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా పెట్టెలో పెట్టకండి, తీసేసుకుంటారు. నెయ్యి లేకుండా పిల్లాడు పప్పన్నం తినడం లేదు. అత్తయ్య, మా అమ్మ కలిసి పక్క వీధి సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, భాష రాకపోయినా పొట్లాలు తిప్పి తిప్పి చూసి, ఉప్పు లేని వెన్న తెచ్చారు. నేను తలుపు తీసేసరికి ఇద్దరూ ఆ చిన్న పొయ్యి మీదికి వంగి ఉన్నారు. "వదినగారూ, ఇంక ఆపేయండి, గోకుడు మాడుతుంది" అని అమ్మ, "ఉండండి, ఇంకా నురగ పోలేదు" అని అత్తయ్య. పెళ్ళయి పన్నెండేళ్ళయినా వాళ్ళిద్దరూ ఒక గిన్నె మీద అలా మాట్లాడుకోవడం నేను చూడలేదు. మా ఇంట్లో ఫంక్షన్లలో వియ్యపురాళ్ళంటే ఒకరికొకరు మర్యాదలు చేసుకునే చుట్టాలే.

కాబట్టి వంటిల్లున్న ఇల్లే తీసుకోండి. అక్కడ హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా, మళ్ళీ రాత్రి ఏడు దాటాకే. మధ్యలో వంటగది మూసేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఇబ్బంది, సంచీలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంచండి. బాస్మతి బియ్యం, మైసూరు పప్పు, తియ్యదనం లేని పెరుగు సూపర్ మార్కెట్లో దొరికాయి. కందిపొడి, ఆవకాయ ఇంటి నుంచి గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ సామాన్లో వేశాం. బయట తినడానికి పాత నీస్ వీధుల్లో సొక్కా అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. "మన శనగపిండి అట్టే, ఉల్లిపాయ లేదు" అని తేల్చుకున్నాక అమ్మ రెండోసారి అడిగి తింది. మాంతోన్ నిమ్మకాయలకి పేరు. అక్కడ అరడజను కొని పులిహోర కలిపింది, మన కాయంత పులుపు లేదంది గానీ వాసన మాత్రం చేతికి సాయంత్రం దాకా ఉంది.

వీసా సంగతి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. ఒక్క ఊరు అనుకుంటే ఆ లెక్క కూడా తేలిక, ఫ్రాన్స్ వీసాకి హైదరాబాద్‌లోనే ఇచ్చి రావచ్చు. ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయవచ్చు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకి లేదు. సెంటర్ చార్జీలు వేరే. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పెద్దవాళ్ళకి ముందే ఉన్న జబ్బులు అందులోకి వస్తాయో లేదో చదివి తీసుకోండి. వేలిముద్రలకి మా అమ్మని తీసుకెళ్తే మెషీన్ ఎంతకీ పట్టుకోలేదు. ఇన్నేళ్ళ పనికి వేళ్ళు అరిగిపోయాయి. కాస్త తడి గుడ్డతో తుడిచి, మెల్లగా నొక్కించి, నాలుగోసారి వచ్చింది. మీ వాళ్ళకీ అలాగే అవ్వచ్చు, ఆ రోజు వేరే పని పెట్టుకోకండి.

టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. హైదరాబాద్ నుంచి నీస్‌కి నేరుగా విమానం లేదు, మధ్యలో దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారాలి. అక్కడి దూరాలు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడిచేవి కావు. మామయ్య మొదట నామోషీగా ఒద్దన్నారు, దుబాయ్‌లో దిగాక ఆయనే కూర్చున్నారు.

జూన్ విషయానికి వస్తే, మే నెలలో కాన్ సినిమా ఉత్సవం, మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో మొనాకో కార్ల రేసు ఉంటాయి, ఆ తేదీల్లో అద్దెలు మండిపోతాయి. బుక్ చేసేముందు చూసుకోండి. జూన్ మొదట్లో నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. మేం దసరా సెలవుల్లో వెళ్ళాం. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి ఇంకా వెచ్చగానే ఉంది, జనం పల్చబడ్డారు. అక్టోబర్ సగం దాటితే మాత్రం వానలు మొదలవుతాయి. సెలవులు కుదిరితే సెప్టెంబర్ ఆఖరుకి జరుపుకోండి.

మీ మామగారు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో, పిల్లల వయసెంతో రాయండి. మా తొమ్మిది రోజుల్లో మీకు ఏవి పనికొస్తాయో చూసి చెప్తాను.