పుక్కిటి పురాణం తిట్టు మాటా?

సందేహం: ‘తెలుగులో మాట్లాడితే ఒంట్లోని 72,000 నాడులు ఉత్తేజితమవుతాయని సైన్స్ తేల్చింది’ అని మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో మా బాబాయి గారు పెట్టారు. ‘ఇదంతా పుక్కిటి పురాణం బాబాయ్’ అన్నాను. పురాణాలను వెక్కిరిస్తావా అని ఆయన నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నేనన్నది తప్పు మాటా? పుకారు అనో, వదంతి అనో అనాల్సిందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీరు పురాణాలను ఏమీ అనలేదమ్మా. పుక్కిలి అంటే బుగ్గ లోపలి చోటు. నీళ్లు పోసుకుని పుక్కిలిస్తామే, అదే. వాకిలి ‘వాకిట’ అయినట్టు, కౌగిలి ‘కౌగిట’ అయినట్టు పుక్కిలి ‘పుక్కిటి’ అయింది. ఇలా వచ్చి చేరే ‘టి’ని చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికం అన్నాడు. పేరు చూసి బెదరకండి, ‘ఇంటి గడప’, ‘నోటి మాట’ అన్నప్పుడల్లా మీరు వాడేది దాన్నే. తాటాకు మీదికి ఎక్కకుండా నోళ్లలోనే నానుతూ వచ్చిన కథ పుక్కిటి పురాణం. అందులో వెక్కిరింత ఉంటే ఆ కథకే తగులుతుంది, వ్యాసుడి పద్దెనిమిదింటి జోలికి పోదు.

అయితే మీ బాబాయి గారు పెట్టినదానికి ఆ పేరు అతకదు. అది నోట నానింది కాదు, ఎవరో తీరిగ్గా కూర్చుని టైపు చేసింది. పుకారూ కాదు. హిందీలో పుకార్ అంటే కేక, పిలుపు. మన దగ్గరికి వచ్చాక గాలివార్త అయింది. చెరువు కట్ట తెగిందనో, బ్యాంకు మూతపడుతోందనో పుకారు లేస్తుంది, రెండు రోజులు షికారు చేసి పోతుంది. ఈ నాడుల సందేశం అలా పోయే రకం కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వచ్చిందంటే నా ఫోన్లో మళ్లీ లేచి కూర్చుంటుంది.

అభూతకల్పన అందామా అంటే, అభూతం అంటే లేనిది. 72,000 లేని అంకె కాదు. బృహదారణ్యకోపనిషత్తు రెండో అధ్యాయంలో ఉంది. హృదయం నుంచి ‘హిత’ అనే నాడులు 72,000 బయలుదేరి వ్యాపిస్తాయని, మనిషి వాటి దారిన వెళ్లి నిద్రిస్తాడని అక్కడ చెప్పారు. అంటే ఆ మాట వచ్చింది గాఢనిద్ర గురించి. మాట్లాడటం గురించి కాదు, తెలుగు గురించి అసలే కాదు! నిద్రపోతున్న మనిషి నాడులను పట్టుకొచ్చి మన నాలుకకు కట్టారు.

ఇది ఇంత సులువుగా చెల్లడానికి కారణం ‘నాడి’ అనే మాటే. దానికి పాత అర్థం గొట్టం, ప్రవాహం సాగే దారి. వైద్యుడు మణికట్టు పట్టుకుని నాడి చూశాడంటే రక్తపు కొట్టుకోలు చూశాడని. బడి పుస్తకాల్లో మాత్రం మెదడు, వెన్నుపాము, నరాలు కలిపి నాడీ వ్యవస్థ. ఉపనిషత్తులోని నాడి తీసుకుని, దానికి బడి పుస్తకంలోని అర్థం తొడిగితే సైన్స్ తయారు. పక్కన ‘2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది’ లాంటి నిజం ఒకటి పెడితే, చదివేవాడు మొత్తానికీ తలూపుతాడు.

కాబట్టి నా ఓటు కట్టుకథకు. పాట కట్టినట్టే కథా కడతారు. సరుకు పాతది, కట్టు కొత్తది.

వదంతి సంగతి మిగిలింది. సంస్కృతంలో అది క్రియ. ‘వదంతి’ అంటే ‘అంటున్నారు’. ఎవరో ఏమిటో చెప్పదు. మనకు ఆ పని చేసే చిన్న అక్షరం ఉంది, ‘ట’. ‘వాళ్లమ్మాయికి ఉద్యోగం వచ్చిందట’ అన్నప్పుడు చూసి చెబుతున్నామా, విని చెబుతున్నామా అన్నది ఆ ‘ట’తోనే తెలిసిపోతుంది. నోటితో మాట్లాడేటప్పుడు దాన్ని ఎవరూ మర్చిపోరు. ఫార్వర్డ్ చేసేటప్పుడే ఎగిరిపోతుంది. మీ బాబాయి గారు ‘ఉత్తేజితమవుతాయట’ అని పెట్టి ఉంటే, వ్యాకరణం ప్రకారం ఆయన ఒక్క అబద్ధమూ ఆడనట్టే. ఫోన్ చేసి ఈ మాట చెప్పండి, నవ్వుతారేమో.