నూటయాభై లోపు వైరున్న ఇయర్‌ఫోన్స్: షాపులోనే ఏం చూసుకోవాలి

మీ తమ్ముడు డీఎస్సీ కోచింగ్ వీడియోలు ఫోన్లో వినాలి, బడ్జెట్ నూటయాభై లోపు, వైరున్న ఇయర్‌ఫోన్స్ అంత తక్కువలో తీసుకుంటే పనికొస్తాయా లేక డబ్బులు దండగా అని అడిగారు. పనికొస్తాయి. కాకపోతే పేరు చూసి, బాక్స్ చూసి కాకుండా చెవిలో పెట్టుకొని చూసి తీసుకోవాలి. నేను కావలి నుంచి నెల్లూరుకు సీజన్ టికెట్ మీద రోజూ రైల్లో వెళ్లొస్తాను. వీఆర్‌సీ సెంటర్ దగ్గర షాపుల్లో దొరికేవి, ట్రంకు రోడ్డు మీద బండ్లకు వేలాడేవి, రైల్లో చేతికి తగిలించుకొని అమ్మేవి, ఈ రేటులో అన్ని రకాలూ వాడాను. నా అనుభవంలో ఈ ధరలో తేల్చుకోవాల్సినవి రెండే: చెవికి గాలి దూరకుండా కుదురుతుందా, వైరు అతుకుల దగ్గర గట్టిగా ఉందా. సౌండ్ సంగతి ఆ తర్వాత.

బాక్స్ మీద అంకెల గురించి ముందే చెప్పేస్తాను. ‘20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్’ అని వంద రూపాయల దాని మీదా ఉంటుంది, వేల రూపాయల దాని మీదా ఉంటుంది. అది మనిషి చెవికి వినిపించే పరిధి, అంతే. ఆ పరిధిలో ఏ భాగం ఎన్ని డెసిబెల్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తేడాతో పలుకుతుందో కూడా రాస్తేనే దానికి అర్థం, ఈ రేటువాటి మీద అది కనిపించదు. 10 ఎంఎం డ్రైవర్ (లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్) అన్నా అంతే, సైజు పెద్దదైనంత మాత్రాన సౌండ్ బాగుంటుందని లేదు. 16 ఓమ్స్, 32 ఓమ్స్ అని (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) ఉంటే ఏ ఫోన్‌కైనా సరిపోతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

ఇక అసలు విషయం, చెవిలో రబ్బరు. చెవిలోకి దూరే రకంలో బాస్ అనేది డ్రైవర్ ఒక్కదాని వల్ల రాదు. చెవి రంధ్రాన్ని రబ్బరు పూర్తిగా మూస్తేనే వస్తుంది. ఏ మూలో సన్నటి సందు ఉన్నా బాస్ అంతా అందులోంచే పోతుంది, మిగిలేది రేకు డబ్బాలో మాట్లాడినట్టుండే సౌండ్. ‘ఇందులో బాస్ లేదన్నా’ అని జనం పక్కన పడేసేవాటిలో చాలావరకు రబ్బరు సైజు కుదరకే అట్టా వినిపిస్తాయి. పరీక్ష తేలిక. పాట పెట్టి, రెండు వేళ్లతో ఇయర్‌ఫోన్స్‌ని మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు డప్పు, తబలా దెబ్బ ఒక్కసారిగా నిండుగా వచ్చి, వదలగానే పలచబడితే ఆ సైజు మీకు చిన్నదన్నమాట. పెద్ద రబ్బరు మార్చండి. కొంతమందికి కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పడతాయి, అందులో తప్పేం లేదు. పెట్టుకునేటప్పుడు కూడా అట్టా కుక్కేయకుండా, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి కొంచెం లాగి పెడితే సరిగ్గా కూర్చుంటుంది. చవక రకాల్లో చాలాసార్లు ఒకటే సైజు రబ్బర్లు ఇస్తారు, షాపువాళ్లు మూడు రకాలూ తొడిగి చూడనివ్వరు కూడా, ఇంకొకరి చెవిలో పెట్టేవి కదా, వాళ్లననడానికి లేదు. అందుకే ఇంట్లో పాడైపోయిన ఇయర్‌ఫోన్స్ ఉంటే వాటి రబ్బర్లు కడిగి జేబులో వేసుకొని వెళ్లండి.

రైల్లో నేను చూసేది ఇంకోటుంది. పడుగుపాడు దాటి బండి పెన్నా బ్రిడ్జి ఎక్కగానే మోత ఎక్కువవుతుంది. అప్పుడు వాల్యూమ్ ముట్టుకోకుండా ఇయర్‌ఫోన్స్‌లో వినే మనిషి మాట అర్థమవుతుంటే ఆ జత చెవికి కుదిరినట్టు లెక్క. కుదరకపోతే చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది. మీ తమ్ముడు బస్సులోనో హాస్టల్లోనో వినేవాడైతే ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గోల మధ్యలో చెవులు పాడయ్యేది ఇట్టా పెంచుకుంటూ పోవడం వల్లే. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాటకుండా వింటే ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్లో వాల్యూమ్ అరవై శాతం లోపల ఉంచుకోమనండి.

సౌండ్ చూడటానికి బాస్ పాటలు పెట్టకండి, షాపువాళ్లు పెట్టేదీ అదే, దాంట్లో ఏదైనా బాగానే వినిపిస్తుంది. ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టండి. ఆ కాలం సినిమా పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులు, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్ వస్తుంది, కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క డ్రైవర్ గట్టిగా, రెండోది నీరసంగా ఉన్నట్టు. గొంతు ఎక్కడుందో తెలియకుండా రెండు పక్కలకీ చెదిరిపోతే ఒక పక్క వైర్లు తారుమారుగా అతికించి ఉంటారు. తర్వాత మీ తమ్ముడు వినే క్లాసే పెట్టండి. సార్ మాటల్లో శ, ష, స వచ్చినప్పుడు చెవిలో గుచ్చుకున్నట్టుంటే ఆ జత వద్దు. పది నిమిషాలు బాగానే ఉంటుంది, గంట క్లాసు అయ్యేసరికి తలనొప్పి పట్టుకుంటుంది. కోచింగ్‌కి బాస్ కన్నా ఇదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. బాస్ మరీ ఎక్కువున్నవాటిలో మాట మసకబారుతుంది.

వైరు. ఇవి చచ్చేది ఎక్కువగా మూడు చోట్ల: పిన్ను మొదట్లో, రెండుగా చీలే దగ్గర, మైకు డబ్బా దగ్గర. పాట ఆడుతుండగానే ఈ మూడు చోట్లా వైరును మెల్లగా అటూ ఇటూ వంచండి. గరగర వచ్చినా, ఒక పక్క ఆగినా అక్కడే తిరిగిచ్చేయండి. ఈ రేటులో వారంటీ గురించి అడిగినా లాభం లేదు, ‘చెక్ చేసుకొని తీసుకపో అన్నా’ అంటారు, ఆ చెక్కే మన వారంటీ. పిన్ను దగ్గర వంగే మెత్తటి రబ్బరు తొడుగు పొడుగ్గా ఉన్నది తీసుకోండి, ఎల్ ఆకారంలో వంగిన పిన్ను అయితే ఫోన్ జేబులో ఉన్నప్పుడు దాని మీద ఒత్తిడి తక్కువ. వాడటం అయిపోయాక ఫోన్ చుట్టూ బిగించి చుట్టొద్దని తమ్ముడికి చెప్పండి, లోపలి రాగి పోగులు వెంట్రుకలంత సన్నగా ఉంటాయి, పిన్ను దగ్గర మడత పడితే తెగేది అక్కడే.

మైకు కావాలంటే పిన్ను మీద నల్ల గీతలు మూడుండాలి. రెండే ఉంటే మైకు లేనట్టే. షాపులోనే వాయిస్ రికార్డర్లో నాలుగు మాటలు రికార్డు చేసి వినండి. ఫోన్‌కి గుండ్రటి జాక్ లేక టైప్-సి తీసుకునేట్టయితే కచ్చితంగా సొంత ఫోన్లోనే పెట్టి చూడాలి. చవక టైప్-సి వాటిలో కొన్నింటికి లోపల డిజిటల్ నుంచి సౌండ్‌గా మార్చే చిప్ ఉండదు, ఫోనే నేరుగా సౌండ్ పంపాలి, అన్ని ఫోన్లూ పంపవు. షాపువాళ్ల ఫోన్లో పాడి మీ ఫోన్లో మూగబోతే కారణం ఇదే కావొచ్చు.

ఇంకొంచెం డబ్బులు సర్దుకోగలిగితే కేజెడ్ లాంటి చైనా కంపెనీల వాటిలో వైరు ఊడదీసి మార్చుకునే రకాలున్నాయి. వైరు తెగితే కొత్త వైరు ఒక్కటే కొనుక్కోవచ్చు, చదువుకునే పిల్లలకు అది బాగా కలిసొస్తుంది. ప్రస్తుతానికి నూటయాభైలోనే అంటే పైన చెప్పినట్టు చూసి తీసుకోండి చాలు.

కొన్నాక ఎప్పుడైనా ఒక పక్కే వినిపిస్తుంటే వెంటనే పారేయకండి. ముందు ఇంకో ఫోన్లో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే మీ ఫోన్ జాక్‌లో జేబు దుమ్ము, నూలు పేరుకొని పిన్ను పూర్తిగా దిగట్లేదన్నమాట. ఫోన్ ఆపేసి, పొడి చెక్క టూత్‌పిక్‌తో నిదానంగా ఆ దుమ్ము తీయండి, గుండుసూది మాత్రం పెట్టొద్దు.